చికిత్స ఫలించినదా? తీవ్రముగా గాయపడినవారు వేయు లెక్క

2022వ సంవత్సరములో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినట్లు కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కలు తెలుపుచున్నవి. వీనిలో 1,68,491 మంది మరణించిరి. 4,43,366 మంది గాయపడిరి. పొలములో ట్రాక్టరు తిరుగబడి నలిగినవారు, నూర్పిడి యంత్రములో చేయి పోగొట్టుకొన్నవారు, తాటిచెట్టు పైనుండి జారిపడిన గీత కార్మికులు, పరంజా మీదనుండి పడిన ఇండ్లపని కూలీలు ఈ లెక్కలోనివారు కారు. చనిపోయినవారిని గురించి ఆ వారమంతయు ఊరు చెప్పుకొనును. గాయపడి బ్రతికినవారు ఆసుపత్రినుండి తిరిగివచ్చిన దినమున పదిమంది వచ్చి పలుకరించి పోదురు. ఆపైని వారి కష్టసుఖములు వారి ఇంటివారికే ఎరుక.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 2005 ఆగస్టు 15వ తేదీన 108 వాహనముల సేవ ఆరంభమైనది. పూర్వము దారిలోనే ప్రాణము విడిచెడి క్షతగాత్రులు పలువురు నేడు ఆసుపత్రికి సకాలమున చేరుచున్నారు. శస్త్రచికిత్స పొంది ఇల్లు చేరుచున్నారు. ప్రాణము దక్కిన సంతోషము కొన్నాళ్లుండును. అటుపిమ్మట ఇంటిలో ఒక ప్రశ్న తలయెత్తును: చికిత్స ఫలించినట్లా, కానట్లా?

దీనికి వైద్యుడు చెప్పు సమాధానము ఒకటియు, గాయపడినవాడు చెప్పు సమాధానము వేరొకటియు కావచ్చును. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుట లేదు. వైద్యుడు ఎక్స్-రే చూచి ఎముక అతికినదనును, పుండు మానినదనును, మోకాలు ఇన్ని డిగ్రీలు వంగుచున్నదని కొలిచి వ్రాయును. రోగి కొలతలు వేరు. గట్టు మీద నడువగలనా? గొంతుక్కూర్చుండి కలుపు తీయగలనా? రాత్రి నిద్ర పట్టునా? కాలకృత్యములకు ఒకరి చేయి పట్టుకొనకుండ పోగలనా? చేసిన అప్పు ఎన్నటికి తీర్చగలను? ఈ రెండవ కొలతను గూడ చేతబట్టుట వైద్యశాస్త్రము కొంత ఆలస్యముగనే నేర్చినది. అట్లు నేర్చినదానిలో మన గ్రామస్థులు తెలిసికొనదగినది చాల కలదు.

ఏడాది తరువాత కార్డు

రోగి ఇంటికి పోయిన పిమ్మట ఏమైనాడో తప్పక కనుగొనవలెనని పట్టుబట్టినవారిలో అమెరికాలోని బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్మన్ (1869-1940) ముఖ్యుడు. ఆ కాలమున ఆసుపత్రులు ఎందరికి శస్త్రచికిత్స చేసినది ఘనముగా చెప్పుకొనెడివే గాని, వారిలో ఎందరు బాగుపడిరో చెప్పెడివి కావు. కాడ్మన్ ప్రతి రోగికి ఒక కార్డు పెట్టెను. రోగము, చేసిన చికిత్స, కనీసము ఒక సంవత్సరము గడచిన తరువాత రోగి స్థితి, ఫలితము చెడినచో అందుకు కారణము, ఇవన్నియు ఆ కార్డులో ఉండవలెను. 1911లో ఆయన తన స్వంత చిన్న ఆసుపత్రిని తెరచెను. 1916 వరకు అక్కడ చికిత్స పొంది వెడలినవారు 337 మంది. అందు తాను గుర్తించిన 123 పొరపాట్లను ఆయన స్వయముగా అచ్చువేయించెను. తోటివైద్యులకు ఇది రుచింపలేదని వేరుగ చెప్పనక్కరలేదు. ఆయన పద్ధతికి గౌరవము లభించుటకు చాల కాలము పట్టినది.

అయినను ఆ కార్డుపై ఫలితమును నిర్ణయించు కలము వైద్యుని చేతిలోనే ఉండెను. రోగి మాటకు విలువ వచ్చుటకు మరి కొన్ని దశాబ్దములు గడువవలసి వచ్చెను. రోగి మాట వినుటవలన చికిత్స తీరే మారిపోవునని చూపిన ఉదాహరణము మన దేశములోనే కలదు.

తీసి మూలన పెట్టిన కాలు

రాజస్థానమున జయపురములోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ ఎముకల వైద్యుడు. కాలు పోయినవారికి అప్పుడు విదేశీ నమూనాలో చేసిన కృత్రిమ పాదమును అమర్చెడివారు. వైద్యుని దృష్టిలో అది మంచి పాదమే. అది గట్టిగా నుండును, దానిమీద బూటు తొడిగి చదునైన నేలమీద చక్కగా నడువవచ్చును. రోగి నాలుగడుగులు నడచి చూపి ఇంటికి పోయినచో పని పూర్తియైనట్లే.

కాని ఇంటికి పోయినవారిలో చాలమంది దానిని విప్పి మూలన పెట్టి మరల చంకకర్రలనే పట్టుచుండిరి. దీనికి రోగి అజ్ఞానమే కారణమని అనుకొనుట ఎవరికైనను సులభము. సేఠీ అట్లు అనుకొనక కారణము వెదకెను. ఆ పాదముతో గొంతుక్కూర్చుండుటకు వీలులేదు. బాసింపట్టు వేసికొని నేలమీద కూర్చుండి భోజనము చేయుటకు వీలులేదు. బూటు లేనిదే అది పనికిరాదు. బూటుతో వంటయింటిలోనికి, గుడిలోనికి పోవుట మన ఆచారము కాదు. బురదలో, నీటిలో, ఎగుడుదిగుడు పొలములో అది నిలువదు. కుర్చీమీద కూర్చుండి బల్లమీద భుజించు దేశములో పుట్టిన పాదము అది. దానిని ధరించిన మన రైతు నడువగలిగెను. కాని రైతుగా బ్రతుకలేకపోయెను.

ఆ ఆసుపత్రిలోనే రామచంద్ర శర్మ అను శిల్పి ఉండెను. పెద్ద చదువులు చదివినవాడు కాడు. చేతిపనిలో మాత్రము దిట్ట. ఆయనను మాస్టర్‌జీ అని పిలిచెడివారు. ఈ యిద్దరును తక్కిన వైద్యులును కలిసి 1968 ప్రాంతమున క్రొత్త పాదమును రూపొందించిరి. లోపల రబ్బరు, కొయ్య. పైన టైర్లకు వాడునట్టి గట్టి రబ్బరును కాచి పోసిన తొడుగు. చూచుటకు మనిషి పాదమువలె, చర్మపు రంగులో నుండును. మడమ వద్ద అన్ని వైపులకు వంగును. బూటు లేకయే నడువవచ్చును, బురదలో దిగవచ్చును, చెట్టు ఎక్కవచ్చును, గొంతుక్కూర్చుండవచ్చును. జయపురము పాదమని ఇది ప్రఖ్యాతి గాంచినది. 1975లో స్థాపింపబడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీనిని బీదలకు ఉచితముగా అమర్చుచు వచ్చినది. సేఠీకి 1981లో రామన్ మెగసెసె బహుమానము లభించినది.

తెలుగువారికి ఈ పాదము ఒక చలనచిత్రము ద్వారా పరిచితమైనది. నాట్యకళాకారిణి సుధాచంద్రన్ 1981లో బస్సు ప్రమాదమునకు గురియై కుడికాలు కోల్పోయి, జయపురము పాదము ధరించి మరల వేదిక నెక్కెను. సింగీతము శ్రీనివాసరావు దర్శకత్వమున 1985లో వచ్చిన ‘మయూరి’ చిత్రమున తన కథలో తానే నటించెను. ఆమెకు నడక వచ్చినంత మాత్రమున చికిత్స ఫలించినట్లు కాలేదు; నాట్యము వచ్చిననాడే ఫలించినది. ఒక కౌలురైతుకు నారుమడిలో దిగుట అట్టిది. ఒక గృహిణికి పొయ్యి ముందర కూర్చుండి లేచుట అట్టిది.

కాలు నిలుపుటయా, తీయుటయా?

ఇంకొక ప్రశ్న కలదు. అది మరింత కఠినమైనది. కాలు నుగ్గునుగ్గై వచ్చిన మనిషికి ఆ కాలిని అనేక శస్త్రచికిత్సలతో నిలుపవలెనా, లేక తీసివేసి కృత్రిమ పాదము పెట్టవలెనా? మన గ్రామములలో ఈ మాట వినబడగానే ఇంటివారు బెదరిపోవుదురు. కొందరు సంతకము పెట్టక రోగిని లేవదీసికొని పోవుదురు. ఎముక చర్మమును చీల్చుకొని బయటపడిన గాయమునకు, రక్తప్రసారము నిలిచిన కాలికి నాటు కట్టు పనికిరాదు; కొన్ని గంటల ఆలస్యము ప్రాణాంతకము కాగలదు. కాలు పోయినచో బ్రతుకే పోయినదను భయమే ఈ తొందరపాటునకు మూలము.

ఈ భయము ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు అమెరికాలోని ఎనిమిది పెద్ద ప్రమాద చికిత్సాకేంద్రములలో 1994 నుండి 1997 వరకు చేరిన 569 మందిని వైద్యులు రెండేండ్లపాటు వెన్నంటి చూచిరి. అందరివియు కాలికి తగిలిన అతి తీవ్రమైన గాయములే. కొందరి కాలిని నిలిపిరి, కొందరి కాలిని తీసివేసిరి. వీరిని ఎక్స్-రేలతో మాత్రమే కొలువలేదు. నడక, నిద్ర, ఇంటిపని, నలుగురితో కలిసిమెలిసి యుండుట, ఉద్యోగము మొదలగు నిత్యజీవిత విషయములను గురించి వారినే ప్రశ్నించి, వారి సమాధానములను లెక్కకట్టిరి. 2002లో ఫలితములు ప్రకటింపబడినవి. రెండేండ్ల తరువాత రెండు వర్గములవారి స్థితిలోను చెప్పుకొనదగిన భేదము లేదు. కాలు నిలుపుకొన్నవారిలో 49.4 శాతము, కాలు పోయినవారిలో 53 శాతము మరల పనికి పోగలిగిరి. ఉపద్రవములవలన మరల ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారు కాలు నిలిపినవారిలో 47.6 శాతము, తీసినవారిలో 33.9 శాతము.

ఈ లెక్కలను చూచి కాలు తీయుటయే మేలని ఎవరును అనుకొనరాదు. అవి ఆ దేశపు ఆసుపత్రుల లెక్కలు. కృత్రిమ పాదము సులభముగా దొరకు చోటివి. మన పల్లెలో పాదము అరిగిపోయినచో మార్పించుకొనుటకు ఎంత దూరము పోవలెనో, దారి ఖర్చు ఎంతయో గూడ ఆలోచింపవలెను. కాని ఒక్క సంగతి మాత్రము ఎక్కడివారికైనను వర్తించును. కాలు దక్కుట వేరు, బ్రతుకు తెరువు దక్కుట వేరు. వైద్యుడు తీయవలెనని చెప్పినప్పుడు ఆ మాటను మరణశిక్షగా భావింపక, ఎందుకు తీయవలెను, నిలిపినచో ఎన్నిమార్లు శస్త్రచికిత్స చేయవలసియుండును, ఎన్ని నెలలు పట్టును, చివరకు ఆ కాలు బరువు మోయునా అని నిదానముగా అడిగి తెలిసికొనుట కుటుంబమువారి హక్కు.

ఆ రోగులు తమ చికిత్సా ఫలితముతో ఎంతవరకు తృప్తి పొందిరను సంగతిని గూడ అదే పరిశోధకులు విచారించి 2008లో ప్రకటించిరి. నా అభిప్రాయమున మొత్తము పరిశోధనలో మనకు మిక్కిలి అక్కరకు వచ్చు భాగమిదియే. గాయము ఎంత పెద్దది, కాలు నిలిపిరా తీసిరా, రోగి వయస్సెంత, ఆడయా మగయా అనువానికిని తృప్తికిని సంబంధము కనబడలేదు. సంబంధము కనబడినవి ఐదు: మరల పనికి పోవుట, మనస్సు క్రుంగిపోకుండుట, శరీరమును స్వేచ్ఛగా కదల్చగలుగుట, నడచు వేగము, నొప్పి తగ్గుట. శస్త్రచికిత్స గదిలో జరిగినదానికంటె ఆ తరువాతి నెలలలో జరిగినదే రోగి తీర్పును నిర్ణయించినదన్నమాట. ఆ తరువాతి నెలలలో రోగి ఉండునది ఆసుపత్రిలో కాదు, మన ఇంటిలో.

ఏడేండ్ల తరువాత వారిలో 397 మందిని మరల విచారింపగా సుమారు సగముమందికి శరీరవైకల్యము గణనీయముగనే ఉండెను. బీదరికము, తక్కువ చదువు, అండగా నిలుచువారు లేకపోవుట, పొగత్రాగుట ఉన్నచోట ఫలితములు చెడినవి. పొగాకు ఎముక అతుకుటను, పుండు మానుటను ఆలస్యము చేయును. మంచముపైనున్నవానికి కాలక్షేపమునకని చుట్టయో బీడియో అందించు బంధువులు ఈ సంగతి తెలిసికొందురుగాక.

వెన్నుపాము దెబ్బతిన్నవారు

తాటిచెట్టు పైనుండి పడినవారికి, వాహనము క్రింద నలిగినవారికి వెన్నుపాము దెబ్బతినినచో నడుము క్రింది భాగమో, మెడ క్రింది భాగమంతయో పట్టు దప్పును. అట్టివానిని చూడవచ్చిన ప్రతివాడును అడుగు ప్రశ్న, “మరల నడుచునా?” అనునదే. ఆ రోగులనే అడిగి చూచినవారు వేరొక సమాధానమును వినిరి. 2004లో ప్రకటింపబడిన ఒక విచారణలో వెన్నుపాము దెబ్బతిన్న 681 మందిని, ఏ శక్తి తిరిగివచ్చినచో మీ జీవితము ఎక్కువగా బాగుపడునని ప్రశ్నించిరి. కాలుసేతులు నాలుగును పోయినవారిలో దాదాపు సగముమంది చేతులు, వ్రేళ్లు తిరిగి రావలెననిరి. నడుము క్రింది భాగము మాత్రము పోయినవారిలో ఎక్కువమంది మొదట చెప్పినది దాంపత్య జీవనమును గురించి. మలమూత్రములపై అదుపు కావలెనన్నది రెండు వర్గములవారికిని ముఖ్యమైన కోరికయే. నడక వారికి అక్కరలేదని కాదు. కాని తన అన్నము తాను కలుపుకొని తినుట, బట్ట తడియకుండ నలుగురిలో కూర్చుండుట నడకకంటె ముందు వచ్చుననుట ఆరోగ్యవంతులకు తోచదు.

దాంపత్యమును గురించి మన పల్లెలలో రోగియు అడుగడు, వైద్యుడును చెప్పడు. భార్యాభర్తలు ఇద్దరును లోలోపల కుములుచుందురు. ఆసుపత్రిలో వైద్యుని ఏకాంతముగా అడుగుటలో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

1994లో ప్రకటింపబడిన మరియొక విచారణ ఇంకను ఆశ్చర్యకరమైనది. అత్యవసర చికిత్సాశాలలలో పనిచేయు వైద్యులు, నర్సులు, సహాయకులను, మీకే వెన్నుపాము తీవ్రముగా దెబ్బతినినచో బ్రతికియున్నందుకు సంతోషింతురా అని అడిగిరి. సంతోషింతుమన్నవారు 18 శాతము మాత్రమే. నిజముగా అట్టి దెబ్బ తిని బ్రతుకుచున్నవారిలో 92 శాతము సంతోషముగనే ఉన్నామనిరి. వారు చక్రాల కుర్చీలు, ఆదరువు గల దేశమువారు గనుక ఆ సంఖ్య మన యెడల అట్లే ఉండునని చెప్పజాలము. అయినను, “ఇట్లు బ్రతుకుటకంటె పోవుటే మేలు” అని రోగి వినుచుండగా మంచము ప్రక్కన నిలిచి అను పెద్దమనుషులు ఈ రెండు అంకెలను గుర్తుంచుకొనుట మంచిది. ఆ మాట తరచుగా రోగిది కాదు, చూచువానిది.

ఇట్లేల జరుగును? దెబ్బ తగిలిన మొదటి నెలలలో రోగి తన పూర్వపు జీవితముతో నేటి జీవితమును పోల్చుకొనును. క్రమముగా కొలతకర్రయే మారును. నిన్న కూర్చుండలేనివాడు నేడు కూర్చుండగలిగెను, పోయిన నెల చెంచా పట్టలేనివాడు ఈ నెల పట్టగలిగెను. ఏవి ముఖ్యములో వాని వరుస గూడ మారును. ఇందువలన మూడవ నెలలో “నా బ్రతుకు వ్యర్థము” అన్నవాడే రెండవ ఏట వేరుమాట చెప్పవచ్చును. అయితే పడకపుండ్లు పడి చీము పట్టినవానికి, మూత్రము నిలిచి మాటిమాటికి జ్వరము వచ్చువానికి ఈ మార్పునకు అవకాశమే ఉండదు. రెండుగంటల కొకసారి ప్రక్క మార్చుట, మూత్రపు గొట్టమును శుభ్రముగా నుంచుట ఇంటివారు ఆసుపత్రిలోనే చూచి నేర్చుకొని రావలసిన విద్యలు.

తలకు దెబ్బ తగిలినచో

ఇంతవరకు రోగి మాటయే ప్రమాణమని చెప్పితిమి. తలకు తగిలిన గాయముల విషయమున ఈ నియమము పూర్తిగా చెల్లదు. స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున జెన్నెట్, బాండ్ అను వైద్యులు 1975లో తలగాయముల ఫలితములను ఐదు తరగతులుగా విభజించిరి. మరణము, స్పృహలేని స్థితి, తీవ్ర వైకల్యము, మధ్యమ వైకల్యము, మంచి కోలుకోలు అనునవి ఆ తరగతులు. మంచి కోలుకోలు అని వ్రాయబడినవాడు గూడ ఇంటివారి దృష్టిలో పూర్వపు మనిషి కాకపోవచ్చును. చిన్నమాటకు కోపము వచ్చును. ఇచ్చిన డబ్బు ఎక్కడ పెట్టెనో మరచును. శాంతుడైనవాడు బిడ్డలను కొట్టును. అతనిని అడిగినచో, “నాకేమి, బాగుగనే యున్నాను” అనును. అతడు దాచుట లేదు; తనలోని మార్పును తాను గుర్తించు శక్తియే దెబ్బతినినది. అట్టిచోట భార్య, తల్లి చెప్పు మాటను వైద్యుడు రోగి మాటతో సమానముగా వినవలెను. ఊరివారు దానిని పొగరనియు, త్రాగుడనియు, గాలి సోకినదనియు పొరబడరాదు.

“తమ దయవలన బాగున్నది”

రోగి తీర్పును తెలిసికొనుటలో మనకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. అది మర్యాద. వైద్యుడు “ఎట్లున్నది?” అని అడుగగానే, “తమ దయవలన బాగున్నదండీ” అని చేతులు జోడించుట మనకు అలవాటు. ప్రాణము నిలిపినవాని ఎదుట నొప్పిని గురించి చెప్పుట కృతఘ్నతయని తోచును. ఆ కృతజ్ఞత మెచ్చదగినదే. కాని వైద్యుడు దానిని విని, నొప్పి లేదని చీటీలో వ్రాసికొనును! వైద్యుని మంచితనమును మెచ్చుకొనుట వేరు, చికిత్సాఫలితమును చెప్పుట వేరు. మొదటిది ఇంటికి పోవునాడే చెప్పవచ్చును. రెండవదానికి ఆరు నెలలో, సంవత్సరమో కావలెను.

ఇట్టి చిక్కు ఇతర దేశములలోను ఉన్నది గనుకనే పరిశోధకులు విషయమును చిన్న ప్రశ్నలుగా విడగొట్టిరి. 1987లో ఏర్పడిన యూరోక్వాల్ అను పరిశోధక బృందము రూపొందించిన పట్టికలో ఐదే అంశములు కలవు. నడక ఎట్లున్నది? స్నానము, బట్టలు కట్టుకొనుట స్వయముగా చేసికొనగలరా? నిత్యము చేయు పనులు చేయగలరా? నొప్పి, బాధ ఎంత? దిగులు, ఆందోళన ఎంత? వీనికి తోడు, ఊహింపదగిన అత్యంత చెడ్డ ఆరోగ్యమునకు సున్న, అత్యంత మంచి ఆరోగ్యమునకు నూరు అనుకొని, నేటి ఆరోగ్యమునకు ఎన్ని మార్కులని రోగినే వేయమందురు. ఇంటిలో బడికి పోవు పిల్లవాడున్నచో, ఈ ఐదింటిని నోటుబుక్కులో వ్రాసి, నెల, మూడునెలలు, ఆరునెలలు, సంవత్సరము గడచినప్పుడు రోగి చెప్పినట్లే సమాధానములు వ్రాయవచ్చును. పరీక్షకు పోయినప్పుడు ఆ పుస్తకమును చూపినచో, రద్దీలో ఒక్కొక్క రోగికి కొద్ది నిమిషములే ఈయగల వైద్యునికి అది గొప్ప సహాయము.

ఆసుపత్రిలో చేరిన మొదటి దినములలోనే చెప్పవలసినది ఒకటి కలదు: రోగి వృత్తి. “వ్యవసాయము” అని చెప్పినచో చాలదు. నాట్లు వేయునా, ట్రాక్టరు నడుపునా, మగ్గము నేయునా, చెట్టు ఎక్కునా, ఏ చేతితో ఏ పని చేయునో, ఇంటిలో మరుగుదొడ్డి ఎట్టిదో చెప్పవలెను. మగ్గము నేయువానికి బొటనవ్రేలి కొస అతని అన్నము. ఆ సంగతి తెలిసిన వైద్యుడు ఆ వ్రేలిని వేరుగా చూచును. ఫిజియోథెరపీ నిపుణుడు చెప్పిన వ్యాయామములను నొప్పి పుట్టుచున్నదని మానివేసినచో కీళ్లు బిగిసిపోవును. ఎముక అతికియు చేయి పనికిరాకపోవుటకు ఇది తరచుగా కారణము.

మనస్సును గురించి గూడ ఒక మాట. ప్రమాదము మరల కనులయెదుట జరుగుచున్నట్లు కలలు వచ్చుట, వాహనపు చప్పుడునకు ఉలికిపడుట, ఎవరితోను మాటలాడకుండుట పిరికితనము కాదు, గాయములో భాగమే. ఇది వారములు గడచినను తగ్గనిచో వైద్యునికి చెప్పవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును.

ధ్రువపత్రములు, న్యాయస్థానములు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. 40 శాతము, అంతకు మించిన వైకల్యము గలవారికి పెక్కు ప్రత్యేక సదుపాయములు వర్తించును. వైద్యుల మండలి ఇచ్చు ఈ శాతము అవయవమును కొలుచునదే గాని బ్రతుకుతెరువును కొలుచునది కాదు. రెండింటికిని గల భేదమును మన సుప్రీంకోర్టు చక్కగా గుర్తించినది. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టము క్రింద వచ్చిన ఒక వ్యాజ్యములో, ఎడమచేయి మోచేతికి పైన తీసివేయబడిన వడ్రంగి సంపాదనాశక్తి నూటికి నూరుపాళ్లు నశించినట్లేయని ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. మోటారు ప్రమాదపు నష్టపరిహారమునకు సంబంధించిన 2010 నాటి మరియొక తీర్పులో ఈ సంగతిని ఇంకను వివరించెను. చేయి పోయినవాడు డ్రైవరో వడ్రంగియో అయినచో అతని సంపాదన దాదాపు పూర్తిగా పోవచ్చును. ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తా అయినచో ఉద్యోగము నిలువవచ్చును. కావున ధ్రువపత్రములోని శాతమును యాంత్రికముగా సంపాదన నష్టముగా తీసికొనరాదనియు, గాయపడినవాడు పూర్వమేమి చేసెడివాడు, ఇప్పుడేమి చేయగలడు, ఏమి చేయలేడు అని విచారింపవలెననియు ఆ తీర్పు సారాంశము.

ఇందువలన నష్టపరిహారమునకు దరఖాస్తు పెట్టువారు వైకల్య ధ్రువపత్రముతోనే ఆగక, చికిత్స చేసిన వైద్యునిచేత ఈ గాయమువలన రోగి తన వృత్తిలో ఏ పనులు చేయలేడో వ్రాయించి తీసికొనవలెను. ఆసుపత్రి విడుదల చీటీ, ఎక్స్-రేలు, మందుల రసీదులు, తరువాతి పరీక్షల కాగితములు, పైన చెప్పిన నోటుబుక్కు, ప్రమాదమునకు ముందు చేసిన పనికి ఆధారములైన ఉపాధి కార్డు, సహకార సంఘపు పుస్తకము, డ్రైవింగు లైసెన్సు వంటివి అన్నియు ఒక సంచిలో చేర్చి, తడియకుండ, చెదలు పట్టకుండ భద్రపరచవలెను.